రోళ్లు పగిలే కార్తె, వాన తెచ్చే వల

జనవరి నెల మధ్యలో, మబ్బు లేని రాత్రి తొమ్మిది దాటాక, టొరంటోలో దక్షిణం వైపు తిరిగి నిలబడండి. టోపీ, చేతి తొడుగులు మరవకండి. ఎదురుగా మూడు చుక్కలు ఒకే వరుసలో, ఎవరో కొలిచి పెట్టినట్టు కనిపిస్తాయి. ఆ మూడింటినీ కలిపే గీతను కుడివైపు పైకి పొడిగించుకుంటూ పొండి. నారింజ రంగులో మెరిసే పెద్ద చుక్క ఒకటి తగులుతుంది. అదే రోహిణి.

అదే దారిలో ఇంకొంచెం పైకి పోతే చిన్న చుక్కల గుంపు ఉంటుంది. అది కృత్తిక. పల్లెల్లో దాన్ని పిల్లలకోడి అంటారు. రోహిణి రోజూ దాని వెనకాలే ఉదయిస్తుంది. అందుకే అరబ్బులు రోహిణికి "వెంట వచ్చేది" అనే అర్థంలో పేరు పెట్టారు. ఇంగ్లీషు పుస్తకాల్లోని ఆల్డెబరాన్ అనే పేరు అక్కడి నుంచి వచ్చిందే. చైనా వాళ్లు దీన్ని బీ షియు వూ అంటారు. "వల బసలో ఐదోది" అని దాని అర్థం.

మన పేరు మనకు ఎండను గుర్తు చేస్తుంది. చైనా పేరు వాళ్లకు వానను గుర్తు చేసేది. చుక్క మాత్రం ఒకటే. గిరిమిట్ ఒప్పందం మీద సముద్రాలు దాటిన వాళ్ల మనవలం, మునిమనవలం మనం. కెనడాలో తెలుగు నేర్చుకుంటూ ఈ పేరును ఎలా వాడుకోవాలి? అసలు వాడుకోవాలా? ఈ వ్యాసం ఆ సంగతి గురించే.

చుక్క సంగతి

రోహిణి అంటే "ఎర్రనిది" అని అర్థం. పేరు పెట్టిన వాళ్లు కళ్లతో చూసే పెట్టారు. కొలిమిలో ఇనుప ముక్కను కాలిస్తే మొదట ఎర్రబడుతుంది. ఇంకా వేడెక్కితే పసుపు, ఆ తరవాత తెలుపు రంగులోకి వస్తుంది. చుక్కలకూ అదే లెక్క. సూర్యుడి పైభాగం వేడి సుమారు 5,800 కెల్విన్ డిగ్రీలు. రోహిణి వేడి సుమారు 3,900 మాత్రమే. ఎండకు మారుపేరైన ఈ చుక్క నిజానికి సూర్యుడికంటే చల్లనిది!

కానీ అది చాలా పెద్దది. సూర్యుడి లాంటి చుక్కలు రెండు చేతుల పక్కపక్కన పరిచినట్టు, సుమారు 44 సూర్యుళ్లను వరుసగా పేరిస్తే రోహిణి అడ్డుకొలత వస్తుంది. దాన్ని తెచ్చి సూర్యుడి చోట పెడితే, బుధ గ్రహం తిరిగే దారిలో సగం దూరం దాకా నిండిపోతుంది. ఒకప్పుడు అదీ మామూలు చుక్కే. నడిమధ్యన ఉన్న హైడ్రోజన్ అయిపోయాక, చుట్టూ ఉన్న పొరలో హైడ్రోజన్ మండడం మొదలైంది. దాంతో పైభాగం ఉబ్బి, చల్లబడి, నారింజ రంగుకు తిరిగింది. ఇలాంటి వాటిని నారింజ మహాతారలు అనవచ్చు. మన సూర్యుడికి కూడా ఇంకో 500 కోట్ల సంవత్సరాలకు ఈ దశ వస్తుంది.

రోహిణి వెలుతురు మన కంటికి చేరడానికి సుమారు 65 ఏళ్లు పడుతుంది. ఈ రాత్రి మీరు చూసే వెలుతురు, ఈ పత్రిక చదివే చాలామంది పుట్టకముందే బయలుదేరింది.

కార్తె అంటే ఏమిటి?

గుడిలో ఆదివారం తరగతుల్లో చదువుకున్న వాళ్లకు ఈ వరుస తెలిసే ఉంటుంది: అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆర్ద్ర... మొత్తం 27 నక్షత్రాలు. నాటాల్‌లో మా గుడిలో మేమూ పెద్ద బాలశిక్ష ముందు పెట్టుకుని వీటిని రాగం తీస్తూ అప్పజెప్పాం. చంద్రుడు రోజుకొక నక్షత్రం దగ్గర బస చేస్తూ 27 రోజుల్లో ఆకాశం చుట్టి వస్తాడు. సూర్యుడు కూడా అదే దారిలో నడుస్తాడు, కానీ నెమ్మదిగా. ఒక్కొక్క నక్షత్రం దగ్గర 13, 14 రోజులు ఉంటాడు. సూర్యుడు ఉండే ఆ రోజులనే కార్తె అంటారు.

నెలలు, తిథులు పూజలకూ పండగలకూ కావాలి. కార్తెలు మాత్రం రైతుకు కావాలి. ఏ కార్తెలో దున్నాలి, ఏ కార్తెలో విత్తాలి, ఏ కార్తెలో వాన కోసం చూడాలి అన్నది తెలుగు రైతులు సామెతల్లో దాచుకున్నారు. రోహిణి కార్తె మే 24 లేక 25న మొదలై, జూన్ మొదటి వారం దాటే దాకా ఉంటుంది. కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణలో అవి ఏడాదిలోకెల్లా మండే రోజులు. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అనే సామెత అందుకే పుట్టింది. రోలు అంటే పచ్చడి నూరుకునే, పిండి రుబ్బుకునే రాయి. ఆ రాయి కూడా పగిలేంత ఎండ అని చెప్పడం.

ఆ తరవాత వచ్చేది మృగశిర కార్తె. "మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుంది" అంటారు. తొలకరి వానకు ముసలి ఎద్దుకు కూడా హుషారు వస్తుందన్నమాట. కాబట్టి రోహిణి అంటే ఒట్టి ఎండే కాదు, వాన ముందరి చివరి రోజులు. పొలానికి ఎరువు తోలడం, నాగలి బాగు చేసుకోవడం, విత్తనాలు ఏరుకోవడం, మబ్బు కోసం ఎదురు చూడడం ఆ రోజుల పని. నీళ్లున్న చోట రోహిణిలోనే నారు పోస్తారు.

ఒక తమాషా గమనించండి. రోహిణి కార్తెలో రోహిణి చుక్క కనిపించదు. మే నెల ఆఖరికి సూర్యుడు దాని పక్క నుంచే పోతాడు కదా, ఆ వెలుతురులో అది మునిగిపోతుంది. రైతు చూడలేని చుక్క పేరుతో తన రోజులను లెక్కపెట్టుకున్నాడు. అలా లెక్కపెట్టాలంటే మిగతా ఏడాదంతా ఆకాశాన్ని చూస్తూ ఉండాలి. ఏ చుక్క తరవాత ఏది వస్తుందో తెలిసి ఉండాలి.

వల, వాన

చైనాలో కూడా చంద్రుడి దారిని బసలుగా విడదీశారు. వాళ్ల లెక్కలో బసలు 28. షియు అనే మాటకు రాత్రి ఉండే చోటు అనే అర్థం ఉంది. మనం రోహిణి అనే చోటును వాళ్లు "బీ" అన్నారు. అది 19వ బస. బీ అంటే పొడుగాటి కర్ర ఉన్న వల. కుందేళ్ల వంటి చిన్న జంతువులను పట్టడానికి వాడేవారు. రోహిణి చుట్టూ ఉన్న చుక్కలను చూడండి, రెండు గీతలు ఒక మూలన కలిసినట్టు ఉంటాయి. మన వాళ్లు అందులో రోహిణి శకటాన్ని, అంటే బండిని చూశారు. చైనా వాళ్లు వలను చూశారు. వలలోని చుక్కలకు తరవాతి కాలంలో వరుసగా అంకెలు ఇచ్చారు. వాటిలో నారింజ రంగుది ఐదోది. వూ అంటే ఐదు.

చంద్రుడు ఈ వల దగ్గరికి వస్తే పెద్ద వాన పడుతుందని చైనా వాళ్ల అతి పాత పాటల పుస్తకంలోనే ఉంది. వానదేవుడు ఈ చుక్కల్లోనే ఉంటాడని కూడా అనుకునేవారు. సీమా ఛ్యెన్ అనే చరిత్రకారుడు, 2,000 ఏళ్లకు పైగా అయింది, తన పుస్తకంలో ఈ సంగతి మీదే ఒక కథ రాశాడు.

కన్ఫ్యూషియస్ ఒక రోజు బయటికి వెళుతూ, వానకు కావలసినవి వెంట తెచ్చుకోమని శిష్యులకు చెప్పాడు. అన్నట్టే వాన పడింది. ఎలా తెలిసిందని శిష్యులు అడిగారు. నిన్న సాయంత్రం చంద్రుడు వల దగ్గర బస చేశాడు కదా అన్నాడాయన. ఇక్కడితో ఆగిపోతే ఇది మామూలు గురువుగారి కథే. కానీ సీమా ఛ్యెన్ ఇంకో మాట కూడా రాశాడు: మరొక రోజు చంద్రుడు మళ్లీ వల దగ్గర బస చేశాడు, వాన పడలేదు!

ఆ రెండో రోజును కథలో నుంచి తీసేయకుండా ఉంచడం నాకు చాలా నచ్చింది. ఆకాశం చూసి చెప్పిన మాటకు నేల మీద పరీక్ష ఉంటుంది. ఒక చోట, ఒక కాలంలో నిజమైనది ఇంకొక రోజున నిజం కాకపోవచ్చు. మన సామెతకూ అదే జరిగింది.

ఓడ ఎక్కిన కార్తె

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా ఒప్పంద కూలీలు నాటాల్‌కు వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కిన వాళ్లు. విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగు వాళ్లు ఆ ఓడల్లో ఉన్నారు. అంతకు ముందే మారిషస్‌కు, ఆ తరవాత ఫిజీకి కూడా తెలుగు వాళ్లు వెళ్లారు.

వాళ్ల నోటిలో కార్తెల పేర్లు ఉన్నాయి. అయితే భూమధ్యరేఖ దాటగానే ఆ పేర్లకు కాలం తిరగబడింది. దక్షిణార్ధగోళంలో మే నెలాఖరు అంటే చలికాలం మొదలు. వాన ఉండదు, రోలు పగిలే ఎండా ఉండదు. నాటాల్‌లో అప్పటికి చెరకు కోత సాగుతూ ఉంటుంది. మారిషస్‌లో, ఫిజీలో జూన్ ప్రాంతంలో కోత మొదలవుతుంది. ఊళ్లో రోహిణి కార్తె అంటే దుక్కికి ముందు మబ్బు కోసం చూసే రోజులు. తోటల్లో అవే రోజులు చల్లటి చీకట్లో లేచి కత్తి పట్టుకుని పోయే రోజులయ్యాయి. వాళ్ల పొలం లేదు, వాళ్ల విత్తనం లేదు. ఎప్పుడు పని మొదలు పెట్టాలో చుక్క కాదు, గంట చెప్పేది.

చుక్క కూడా చోటు మారింది. విజయవాడలో రోహిణి సరిగ్గా నడినెత్తి మీదుగా పోతుంది. డర్బన్‌లో ఉత్తరం వైపు, ఆకాశంలో సగం ఎత్తున పోతుంది. మూడు చుక్కల వరుస నుంచి ఇక్కడ మనం కుడివైపు పైకి వెతుకుతాం, అక్కడ ఎడమవైపు కిందికి వెతకాలి. కృష్ణా గట్టున తల పైకెత్తి చూసిన మనిషి, చెరకు తోటలో అదే చుక్కను తలకిందులుగా చూశాడు.

మరి పేరు పోయిందా? పోలేదు. మా అవ్వ నాటాల్‌లోనే పుట్టింది. ఇండియా ఎన్నడూ చూడలేదు. డిసెంబరు నెలలో గాలి ఆడని మధ్యాహ్నం పూట ఆమె కొంగుతో విసురుకుంటూ, "అబ్బా, రోహిణి ఎండ!" అనేది. పంచాంగం ప్రకారం అప్పుడు రోహిణి కార్తె కాదు. అది ఆరు నెలల అవతల ఉంది. కానీ ఆమెకు రోహిణి అంటే తేదీ కాదు, ఒక రకం ఎండ. మాట తన తేదీని వదిలేసి తన వేడిని మాత్రం ఉంచుకుంది. అవ్వకు తెలుసో లేదో కానీ, డిసెంబరు రాత్రుల్లో మా పెరడు మీద నిజంగానే రోహిణి చుక్క వెలుగుతూ ఉండేది.

చైనా పేరు కూడా ఓడ ఎక్కింది. 1904 నుంచి 1907 దాకా దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ బంగారు గనులకు 60,000 మందికి పైగా చైనా కూలీలను ఒప్పందం మీద తెచ్చారు. అంతకు ముందు, 1881 నుంచి 1885 దాకా, ఇక్కడ కెనడాలో పసిఫిక్ రైలు దారి వేయడానికి వేల మంది చైనా కూలీలు బ్రిటిష్ కొలంబియాకు వచ్చారు. రైలు దారి పూర్తయిన 1885లోనే ప్రభుత్వం చైనా నుంచి వచ్చే వాళ్ల మీద తలపన్ను వేసింది. మన కథకు, వాళ్ల కథకు పోలికలు చాలా ఉన్నాయి.

వల ఎక్కడికి పోయింది?

ఒంటారియోలో ఆరో తరగతి సైన్సులో అంతరిక్షం గురించి పాఠం ఉంది. నేను ఆ పాఠం చెప్పేటప్పుడు, మీ ఇంట్లో ఈ చుక్కకు ఏం పేరుందో అడిగి రండి అని పిల్లలకు చెబుతాను. ఒక ఏడాది చైనా కుటుంబం పిల్లాడొకడు బీ అనే అక్షరం రాసుకొచ్చాడు. అర్థం ఏమిటని అడిగితే, "అయిపోవడం. అక్క గ్రాడ్యుయేషన్ కాగితం మీద కూడా ఈ అక్షరమే ఉంది" అన్నాడు. నిజమే. ఇప్పటి చైనా భాషలో ఆ అక్షరానికి ముగియడం అనే అర్థమే అందరికీ తెలుసు. చదువు పూర్తి చేయడాన్ని చెప్పే మాట ఆ అక్షరంతోనే మొదలవుతుంది. కుందేళ్లు పట్టే వల సంగతి ఆ పిల్లాడికే కాదు, అతని అమ్మానాన్నలకు కూడా కొత్త.

అప్పుడు మన పిల్లల్లో ఒకమ్మాయి, "రోహిణి మా చిన్నమ్మ పేరు" అంది. అంతే. వాళ్లకు వల పోయి అక్షరం మిగిలింది. మనకు కార్తె పోయి ఆడపిల్ల పేరు మిగిలింది. చుక్క పేరును నిలబెట్టేది దానితో చేసే పని. కుందేళ్ల వేట మానేశాక వలకు, పొలం వదిలేశాక కార్తెకు పని పోయింది. తప్పెవరిదీ కాదు.

ఇదే చుక్కకు ఈ దేశంలో ఇంకో పేరు కూడా ఉంది. నునావుట్‌లోని ఇగ్లూలిక్ ప్రాంతపు ఇన్యూట్ పెద్దలు దీన్ని నానుర్జుక్ అంటారు. వాళ్ల ఆకాశంలో అది తెల్ల ఎలుగుబంటి. దాని చుట్టూ ఉన్న చిన్న చుక్కలు కుక్కలు. వరుసగా ఉన్న మూడు చుక్కలు వెంట పరుగెత్తే వేటగాళ్లు. నెలల తరబడి సూర్యుడు సరిగా కనపడని చోట, వేట మీద బతికిన వాళ్లకు అందులో వేట కనిపించింది. రైతుకు బండి, వేటగాడికి ఎలుగుబంటి! ఎవరి పని వాళ్లకు ఆకాశంలో కనిపించింది.

మన పని ఏమిటి?

ఇక్కడ మా ఆదివారం తెలుగు తరగతిలో ఒకసారి రోహిణి సామెత నేర్పుతుంటే ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. "ఆంటీ, మే నెలలో ఇక్కడ నేను జాకెట్ వేసుకుంటాను. ఈ సామెత మాకెందుకు?" అన్నాడు. మంచి ప్రశ్న. కన్ఫ్యూషియస్ శిష్యులు అడిగిన ప్రశ్న లాంటిదే. జవాబు చెప్పకుండా దాటేస్తే ఆ పిల్లాడు సామెతతో పాటు తెలుగును కూడా వదిలేస్తాడు.

నా జవాబు ఇది. కెనడాలో మే 25కు ముందు వచ్చే సోమవారం విక్టోరియా రోజు. రాణి పుట్టినరోజు మే 24. ఏ రాణి పాలనలో మన వాళ్లు ఒప్పంద కాగితాల మీద వేలిముద్ర వేశారో, ఆమె పేరున ఇక్కడ మనకు సెలవు! ఆ సెలవు దాటితే దక్షిణ ఒంటారియోలో మంచు భయం దాదాపు పోతుంది. టమాటా, మిరప, వంగ నారు కుండీల్లో నుంచి తీసి నేలలో పెడతాం. కొందరు గోంగూర గింజలు కూడా వేస్తారు. అంటే సరిగ్గా రోహిణి కార్తె మొదలయ్యే రోజులే. ఎండకు కాదు, నాటడానికి.

గోదావరి రైతు రోహిణిలో విత్తనం సిద్ధం చేసుకున్నాడు. నాటాల్‌లో మన తాతలు అవే రోజుల్లో ఇంకొకరి చెరకు నరికారు. ఇక్కడ మనం మన పెరట్లో మన నారు మనం పెట్టుకుంటున్నాం. అంతే తేడా, కానీ అది చిన్న తేడా కాదు. ఆ రోజుకు పేరు కావాలంటే మన దగ్గర పేరుంది.

అందుకే ఇప్పుడు మా తరగతిలో 27 పేర్లూ ఒకేసారి అప్పజెప్పించడం లేదు. రెండు పనులు చేస్తున్నాం. చలికాలంలో ఒక రాత్రి పిల్లలు పెద్దలతో కలిసి బయటికి వెళ్లి రోహిణిని వెతుకుతారు. దాని రంగు ఏమిటో, ఆ పక్కన చంద్రుడు ఉన్నాడో లేడో తెలుగులో రెండు వాక్యాలు రాస్తారు. చంద్రుడు నెలకొకసారి రోహిణి దగ్గరికి వస్తాడు. 27 మంది భార్యల్లో ఆమె అంటేనే అతనికి ఎక్కువ ఇష్టమని మన పురాణ కథ. కొన్ని ఏళ్లలో అతను ఆమెను పూర్తిగా కప్పేస్తాడు కూడా. 2015 నుంచి 2018 దాకా ప్రతి నెలా భూమి మీద ఏదో ఒక చోట అలా కనిపించింది.

రెండో పని మే నెలాఖరున. ప్రతి ఇంట్లో ఒక మొక్క నాటి, కుండీకి చిన్న చీటీ కడతారు. దాని మీద తేదీ, మొక్క పేరు, కార్తె పేరు తెలుగులో రాస్తారు. జూన్ 8 తరవాత ఇంకో చీటీ: మృగశిర వచ్చింది, వాన పడిందా లేదా? పడకపోతే "పడలేదు" అనే రాయాలి. మూడు, నాలుగేళ్లు ఇలా రాస్తే మన ఊరికి మన కార్తెల పుస్తకం ఒకటి తయారవుతుంది. దానిలో నుంచి ఒంటారియో సామెతలు పుట్టవచ్చు.

జాకెట్ సంగతి అడిగిన అబ్బాయి పోయిన ఏడాది చీటీ మీద ఇలా రాశాడు: "రోహిణి కార్తె. మిరప మొక్క. చలిగా ఉంది. రోలు బాగానే ఉంది."

మీ ఇంట్లో రోలు లేకపోయినా పర్వాలేదు. మొక్క, చీటీ, పెన్ను చాలు.